ఆ తల్లి ఏమన్నది

తిమ్మమ్మ ఆ సినిమాకు పోదామనుకొని పోలేదు. పక్కింటి అలివేలమ్మ చేయి పట్టి లాక్కుపోతే పోయింది.

ఎనభై ఎనిమిదో సంవత్సరం, ఎండలు ముదిరిన కాలం. బెంగళూరు నుంచి రావలసిన పట్టు రాక, గద్వాలలో సాలెవాళ్ల వీధిలో ఆ వారం సగం మగ్గాలు ఆగిపోయాయి. తిమ్మమ్మ భర్త ఈశ్వరయ్య చిన్నతనం నుంచి గుంట మగ్గం మీద కూర్చున్న మనిషి. పని లేని రోజు ఎలా గడపాలో తెలియక మగ్గం కర్రలకు నూనె పూస్తున్నాడు. నూలు కండెలు చుట్టే రాట్నం ముందు తిమ్మమ్మకు కూడా ఏమీ తోచలేదు. అంతలో రిక్షాకు మైకు కట్టుకొని ఒకతను వీధిలోకి వచ్చి, ఎప్పటిదో పాత హిందీ సినిమా మళ్లీ వచ్చిందనీ, చూసి ఏడవనివాళ్లు లేరనీ చెప్పి పోయాడు.

"హిందీల నాకేం సమజైతదే?" అంది తిమ్మమ్మ.

"నాకు తెల్సు గద, నేను చెప్త పా," అంది అలివేలమ్మ. ఆమెకు కూరగాయల అంగట్లో బేరమాడేంత ఉర్దూ వచ్చు. దాంతో లోకంలో ఏ మూలకైనా పోయి రాగలననే ధైర్యం కూడా ఉంది.

టాకీసులో ఆడవాళ్ల బెంచీలు నిండిపోయాయి. ఫ్యాన్లు తిరుగుతున్నా గాలి లేదు. తిమ్మమ్మ కొంగుతో విసురుకుంటూ తెర వైపు చూసింది. నలుపూ తెలుపూ బొమ్మ. కోటలాంటి ఒక పెద్ద ఇల్లు. ఆ ఇంటి యజమానికి ఒక్కతే కూతురు. ఆడవాళ్లు బయటికి రారు కాబట్టి గాజులమ్మే ముసలాయనే లోపలికి వస్తాడు. ఒకరోజు ఆయనకు జ్వరం వచ్చి కొడుకును పంపిస్తాడు. ఆ పిల్ల గాజుల కోసం చేయి చాపుతుంది. వాడు గాజు ఎక్కిస్తూ ఒక్కసారి తలెత్తుతాడు. దానికి భాష అక్కర్లేదు. తిమ్మమ్మకు అర్థమైంది.

తరువాత పాటలు వచ్చాయి, దాగుడుమూతలు వచ్చాయి, ఎవరో చూశారు, ఎవరో చెప్పారు. తండ్రి కొరడా తీశాడు. గాజుల బండి తగలబడింది. ఇంత జరుగుతున్నా ఆ పిల్ల తల్లి మాత్రం నోరు తెరవలేదు. తలమీది ముసుగు ముక్కు దాకా లాక్కొని, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి దీపం పట్టుకొని పోతూ ఉంటుంది. సినిమా మొదలైనప్పటి నుంచి ఒక్క మాట లేదు. తిమ్మమ్మకు ఆమె మీదే చూపు నిలిచిపోయింది. ఈమె మాట్లాడదేమిటి, మూగదా అనుకుంది.

చివరికి తెల్లవారుజామున ఆ పిల్ల చిన్న మూట చంకన పెట్టుకొని వాకిలి దగ్గరికి వస్తుంది. అక్కడ తల్లి నిలబడి ఉంటుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. అప్పుడు ఆ తల్లి ముసుగు వెనక్కి తీసి, మొదటిసారి నోరు విప్పి ఒక మాట అంటుంది. ఒక్కటే. తరువాత ముందు బెంచీల్లో ఎవరో వెక్కారు. ఆ వెక్కు విని ఇంకొకరు. చూస్తుండగా ఆడవాళ్లందరి కొంగులూ కళ్ల దగ్గరికి పోయాయి.

"ఏమన్నది? అలివేలూ, ఏమన్నదే ఆమె?" తిమ్మమ్మ మోచేత్తో పొడిచింది.

"ఆగు జర, చూడనియ్యి," అంది అలివేలమ్మ ముక్కు తుడుచుకుంటూ.

బయటికి వచ్చాక తిమ్మమ్మ మళ్లీ అడిగింది.

"పో బిడ్డా అన్నది," అంది అలివేలమ్మ.

"అది నాకూ సమజైంది. 'జా బేటీ' అన్నది. ఆ తర్వాత ఇంకేందో అన్నది గద, పొడుగ్గ?"

అలివేలమ్మ కొంచెం ఆలోచించింది. "దహలీజో ఏందో అన్నది. దహలీజ్ అంటే దేహం అన్నట్టు. నువ్వు పోతే నా దేహం పడిపోతది అంటున్నది పాపం."

ఆ జవాబు తిమ్మమ్మకు నచ్చలేదు. ఆ తల్లి ముఖంలో చచ్చిపోయే మనిషి పోలిక లేదు. అలా అని బెదిరించే మనిషి పోలిక కూడా లేదు. మరి ఏమన్నట్టు?

ఇంటికి వచ్చి పొయ్యి ముట్టించినా ఆమెకు అదే ధ్యాస. ఆ ధ్యాసకు ఒక కారణం ఉంది. అది ఆమె అలివేలమ్మకు కూడా చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు, వీధి మొత్తానికీ తెలిసిందే.

తిమ్మమ్మకు కూడా ఒక్కతే కూతురు, సుగుణ. మగపిల్లలు లేరని ఈశ్వరయ్య ఆమెను పెద్ద బడి దాకా చదివించాడు. ఆమెకు హిందీ మీద పిచ్చి. ఒకదాని వెంట ఒకటి హిందీ పరీక్షలన్నీ పాసైంది. ఆ పరీక్షల క్లాసులోనే దేవరాజు పరిచయమయ్యాడు. సర్కారు దవాఖానలో ఆయా పనిచేసే ఎస్తేరమ్మ కొడుకు. సాలెవాళ్ల పిల్ల, మాలవాడలోని క్రైస్తవుల పిల్లవాడు. గద్వాలలో ఆ రెండు వీధుల మధ్య నడిస్తే కాసేపే. కానీ ఎవరూ అటు నుంచి ఇటు సంబంధం కలుపుకొని ఎరగరు. మాట బయటపడ్డ రోజు ఈశ్వరయ్య కూతుర్ని కొట్టలేదు, కానీ అన్నం ముట్టలేదు. వారం తిరక్కముందే ఒక పొద్దున సుగుణ సంచి పట్టుకొని వాకిట్లో నిలబడింది.

"అమ్మా, నేను పోతున్న," అంది.

తిమ్మమ్మ అప్పుడు రాట్నం ముందు కూర్చొని ఉంది. తల తిప్పలేదు. చక్రం తిప్పుతూనే ఉంది. నూలు తెగింది. ముడి వేసి మళ్లీ తిప్పింది. ఏదో ఒకటి అనాలని నాలుక చివరిదాకా వచ్చింది కానీ ఏమనాలో తెలియలేదు. కాసేపటికి తల తిప్పి చూస్తే వాకిట్లో ఎండ తప్ప ఎవరూ లేరు. ఆ సాయంత్రం ఈశ్వరయ్య, "ఆ పేరు ఇంక ఈ ఇంట్ల వినవడొద్దు," అన్నాడు. ఎనిమిదేళ్లుగా వినబడలేదు.

ఇప్పుడు తెర మీద ఇంకో తల్లి, అలాంటి పొద్దుటిపూటే, అలాంటి వాకిట్లోనే నిలబడి ఏదో అన్నది. అలాంటప్పుడు అనగలిగిన మాట ఒకటి ఉందన్నమాట. అది ఏమిటి?

మరునాడు తిమ్మమ్మ నేసిన చీర దుకాణంలో ఇచ్చి రావాలనే వంకతో టాకీసు వైపు పోయి, గేటు దగ్గర టికెట్లు చింపే మనిషిని అడిగింది. రోజూ చూస్తాడు కదా, అతనికి తెలియకపోతుందా.

"ఆ సీనా? జల్ది వాపస్ రా బిడ్డా అంటది," అన్నాడతను బీడీ కొరుకుతూ.

"దహలీజ్ అన్నది గద?"

"దహలీజా?" అతను కాసేపు ఆకాశం వైపు చూశాడు. "ఆ టైముకు నేను సైకిల్ స్టాండు కాడ ఉంట అమ్మా. జనం బయటికొచ్చే టైమది. నేను సరిగ్గ విన్నది లేదు."

"ఇయ్యాల చూడొచ్చా మల్ల?"

"రీళ్ల బాక్స్ పోయింది గద పొద్దున్నే. వనపర్తికి."

ఊళ్లో ఉర్దూ వచ్చినవాళ్లకు కొదవ లేదు. కానీ తిమ్మమ్మకు మాటలు గుర్తుంటే కదా అడగడానికి. 'జా బేటీ' తరువాత మిగిలింది ఒక్క 'దహలీజ్'. ఒక్క ముక్క పట్టుకొని ఎవరి దగ్గరికి పోయినా, ఇంకా ఏమన్నదమ్మా అని వాళ్లే అడుగుతారు. సినిమా చూసిన మనిషి కావాలి, భాష తెలిసిన మనిషి కావాలి. ఆలోచించగా ఆలోచించగా ఎస్తేరమ్మ తట్టింది. దవాఖానలో డాక్టర్లతో ఆమె ఉర్దూలో గడగడ మాట్లాడడం తిమ్మమ్మ ఎన్నోసార్లు విన్నది. సినిమాకు పోయిన ఆదివారం ఆడవాళ్ల బెంచీల్లో చివరన ఆమె కూర్చుని ఉండడం కూడా చూసింది. ఎప్పటిలాగే చూడనట్టు తల తిప్పుకుంది.

రెండు రోజులు తటపటాయించి, మూడో రోజు మధ్యాహ్నం తిమ్మమ్మ ఎస్తేరమ్మ ఇంటి ముందు నిలబడింది. ఎస్తేరమ్మ చేటలో శనగలు ఏరుతోంది. తలెత్తి చూసి చేట పక్కన పెట్టింది. కొంగుతో అరుగు దులిపింది.

"కూసో వదినె," అంది.

ఎనిమిదేళ్లలో తనను ఎవరూ ఆ వియ్యపురాలి వరసతో పిలవలేదు. తిమ్మమ్మ అరుగు మీద అంచున కూర్చుంది.

"పిల్లలు బాగనే ఉన్నరు," అంది ఎస్తేరమ్మ, అడగకముందే.

"నేను దానికి రాలేదు," అంది తిమ్మమ్మ గబగబా. "సినిమా సంగతి అడుగుదామని వచ్చిన. మొన్న నువ్వు చూసినవు గద. ఆ తల్లి వాకిట్ల నిలవడి ఏమన్నది?"

ఎస్తేరమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ఎగతాళికి అడుగుతోందా అని కాబోలు. కాదని తెలిసి నవ్వింది.

"నా ఉర్దూ దవాఖాన ఉర్దూ వదినె. 'జబాన్ నికాలో', 'కహా దర్ద్ హై', 'కల్ సుబే ఆవ్'. నాలుక చూపియ్యి, యాడ నొస్తున్నది, రేపు పొద్దున రా, గంతే. సినిమాల మాట్లాడే ఉర్దూ నాకేం తెల్సు? అందరు ఏడుస్తుంటే నేనూ ఏడ్చిన."

తిమ్మమ్మ ముఖం చిన్నబోయింది.

"హిందీ చెప్పి ఊరి పిల్లలందర్ని పాస్ చేపిచ్చే మనిషి నీ కడుపులనే పుట్టింది," అంది ఎస్తేరమ్మ. "దాన్ని అడగరాదు? నన్నడుగుతవేంది?"

తిమ్మమ్మ లేచింది. ఎస్తేరమ్మ ఆపలేదు కానీ గొంతు పెంచింది.

"ఎనిమిదేండ్ల సంది అంగట్ల నేను ఎదురైతే పక్క సందులకు మళ్లితివి. నేనేదో మందు పెట్టి నీ బిడ్డను గుంజుకున్నట్టు. నాకు మాత్రం ఆ పెండ్లి ఇష్టముండెనా? మా పాస్టరమ్మ చెల్లెలి బిడ్డను అనుకుంటి నేను. మాట ఇచ్చి తప్పితి. మా సంఘంల నా మొకం ఎత్తుకోలేకపోతి రెండేండ్లు."

ఆ సంగతి తిమ్మమ్మకు తెలియదు. ఎన్నడూ ఆలోచించలేదు కూడా. అటువైపు ఇంట్లో కూడా ఒక తల్లి అన్నం మానేసి కూర్చుని ఉంటుందని ఆమెకు తట్టనే లేదు. మళ్లీ అరుగు మీద కూర్చుంది.

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడేంది? పోత, వస్త. నెలకొకసారి." ఎస్తేరమ్మ చేట మళ్లీ ఒళ్లో పెట్టుకుంది. "నాగర్‌కర్నూల్ల బస్టాండు వెనక పిండి గిర్నీ సందు. నీలం రంగు తలుపు. మావాడు బస్సుల కండక్టరు, అది బళ్లె టీచరు. ఐతారం ఇంట్లనే ఉంటది. నేను చెప్పిన్నని చెప్పకు."

తిమ్మమ్మ తలాడించి వచ్చేసింది. నాగర్‌కర్నూలు పోవాలని మాత్రం ఆమె అనుకోలేదు. వనపర్తి పోవాలనుకుంది. అక్కడ ఆమె చెల్లెలు విజయమ్మ ఉంది. సినిమా కూడా అక్కడే ఉంది. ఇంకొకసారి చూసి, ఆ మాట చెవిలో వేసుకుంటే చాలు.

"విజయ కాడికి పోయొస్త రెండు దినాలు," అంది ఈశ్వరయ్యతో. ఆయన తల ఊపాడు.

శనివారం పొద్దున బస్సెక్కింది. ఎర్రవల్లి దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ మీద బస్సు పోతున్నప్పుడు అందరితోపాటు చేతులు జోడించింది. కింద నీళ్లు సన్నగా, బండల మధ్య పారుతున్నాయి. ఈ వయసులో ఒక సినిమా కోసం నది దాటి పోతున్నానని తలుచుకుంటే ఆమెకే నవ్వొచ్చింది. సుగుణ పుట్టకముందు ఎన్నడో జాతరలో రంగులరాట్నం చూసినప్పుడు అది ఎలా తిరుగుతోందో తెలుసుకుందామని వెనక్కి పోయి, తప్పిపోయి, ఊరంతా వెతికించింది. అప్పటి తిమ్మమ్మను ఆమె చాలాకాలంగా మర్చిపోయింది.

విజయమ్మ అక్కను చూసి సంబరపడింది. సినిమా అనగానే ఇంకా సంబరపడింది. కానీ టాకీసులో పాటలు అయిపోగానే గోడకు ఆనుకొని గురక పెట్టింది. తిమ్మమ్మ మాత్రం రెప్ప వేయలేదు. తల్లి దీపం పట్టుకొని తిరిగినన్నిసార్లూ ఆమె పెదవులను చూసింది. ఎప్పుడు విప్పుతుందో తెలుసు కాబట్టి గాజుల బండి తగలబడగానే కొంగు నడుముకు దోపుకొని ముందుకు వంగి కూర్చుంది.

పిల్ల వాకిలి దగ్గరికి వచ్చింది. తల్లి ముసుగు తీసింది.

"జా బేటీ. యే దహలీజ్ ముఝ్‌సే కభీ పార్ న హుయీ."

ఈసారి తిమ్మమ్మ ఏడుపులు వినలేదు. ఆ మాటను నోట్లో పట్టుకుంది. చీర అంచులో పోగుల వరస చెడకుండా మనసులో చెప్పుకున్నట్టు, ముక్కలు ముక్కలుగా చెప్పుకుంది. యే దహలీజ్. ముజ్సే కబీ. పార్ న హుయీ. దారిలో విజయమ్మ ఏదో అడిగితే జవాబివ్వలేదు, మాట జారిపోతుందని. అన్నం తింటూ చెప్పుకుంది. పడుకొని చెప్పుకుంది.

ఆదివారం పొద్దున వనపర్తి బస్టాండులో గద్వాల బస్సు కోసం నిలబడింది. పక్కనే సోడా బండి. బండి ఆయన గడ్డం నెరిసిన పెద్దమనిషి, ఎవరితోనో ఉర్దూలో ముచ్చట పెడుతున్నాడు. తిమ్మమ్మ దగ్గరికి పోయింది. ఇంతకంటే మంచి మనిషి ఎక్కడ దొరుకుతాడు? అడిగితే ఇక్కడే, ఇప్పుడే, ఈ బండి దగ్గరే తేలిపోతుంది.

"ఏం గావాలమ్మా?" అన్నాడాయన.

తిమ్మమ్మ నోరు తెరిచింది. తెరిచి అలాగే ఉండిపోయింది. ఈయన చెప్పేస్తే ఇంక అడగడానికేమీ మిగలదు. అప్పుడు గద్వాల బస్సెక్కి ఇంటికి పోవడమే. ఏం వంక పెట్టుకొని నాగర్‌కర్నూలు పోవాలి?

"ఏం లే," అంది. "నాగర్‌కర్నూల్ బస్సు యాడ ఆగుతది?"

బస్సు గోపాల్‌పేట మీదుగా ఎండిపోయిన చేల మధ్య పోతున్నంతసేపూ ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. పక్కన కూర్చున్న ముసలమ్మ, దేవుని స్తోత్రం అనుకొని తానూ చేతులు జోడించింది.

పిండి గిర్నీ సందు సులువుగానే దొరికింది. నీలం తలుపు సగం తెరిచి ఉంది. తిమ్మమ్మ మెట్టు కింద ఆగిపోయింది. లోపల ఎవరో బట్టలు జాడిస్తున్న చప్పుడు. పిలవాలంటే పేరు పెట్టి పిలవాలి. ఆ పేరు పలికి ఎనిమిదేళ్లయింది. తలుపు గొళ్లెం చప్పుడు చేసింది.

సుగుణ బయటికి వచ్చింది. కొంచెం ఒళ్లు చేసింది. కళ్లద్దాలు వచ్చాయి. చేతులకు సబ్బు నురగ. గడప అవతల నిలబడి తల్లిని చూసింది.

"నాయినకేమన్న అయిందా?" అంది.

తిమ్మమ్మ కాదన్నట్టు తల తిప్పింది. ఇప్పుడు ఏది మాట్లాడినా నోట్లో ఉన్నది జారిపోతుందని భయపడింది. అందుకే బాగున్నవా అనలేదు, బిడ్డా అనలేదు. మెట్టు కింద నిలబడి, బళ్లో పాఠం ఒప్పజెప్పినట్టు ఒక్క గుక్కలో అనేసింది.

"జా బేటీ. యే దహలీజ్ ముజ్సే కబీ పార్ న హుయీ."

సుగుణ కదలలేదు. చేతుల మీది నురగ బొట్లు బొట్లుగా గడప మీద పడుతోంది. ఆమె కళ్లు నిండిపోయి, అద్దాల కింది నుంచి నీళ్లు కారాయి.

"ఏమంటున్నవమ్మా?"

"నాకేం తెల్సు? నిన్ను అడుగుదామనే వచ్చిన," అంది తిమ్మమ్మ. "సినిమాల ఒకామె అన్నది. అలివేలు ఒకటి చెప్పె, గేటాయన ఇంకోటి చెప్పె. నమ్మబుద్ధి కాలె. దహలీజ్ అంటే ఏందే?"

సుగుణ నవ్వబోయింది. అది ఏడుపు అయింది. తడి చేత్తో కాళ్ల ముందున్న చెక్కను చూపించింది.

"గిది. గడప."

"గడపనా?" తిమ్మమ్మ ఆశ్చర్యంగా కిందికి చూసింది. "దేహం కాదా?"

"కాదు. 'పో బిడ్డా. ఈ గడప దాటుడు నాతోని ఎన్నడు కాలేదు.' గట్ల అన్నది."

తిమ్మమ్మ ఆ మాటను కాసేపు లోపల తిప్పుకొని చూసుకుంది. మంచి మాటే. హాలంతా ఎందుకు ఏడ్చిందో తెలిసింది. అయినా ఏదో వెలితి. ఇన్ని ఊళ్లు తిరిగి వచ్చింది తను వెతుకుతున్న మాట కోసం కదా, ఇది అది కాదు.

"నేనైతే గట్ల అనకపోదును," అంది.

"మరేమనేదానివి?"

తిమ్మమ్మ వెంటనే చెప్పింది. అంత సులువుగా వస్తుందని ఆమె కూడా అనుకోలేదు. "అన్నం తిని పో అనేదాన్ని. ఆ దినం పొద్దున నువ్వేం తినలె. రాత్రి కూడా తినలె."

సుగుణ గడప దాటి మెట్టు దిగి వచ్చి తల్లి భుజం మీద ముఖం పెట్టుకుంది. సబ్బు చేతులు చీరకు తగలకుండా దూరంగా చాపి పట్టుకుంది. సందులో పోయేవాళ్లు చూస్తున్నారు. తిమ్మమ్మ కొంగుతో ఆ చేతులు రెండూ తుడిచింది.

లోపల నాలుగేళ్ల మనవరాలు చాప మీద నిద్రపోతోంది. చర్చిలో ఏదో పేరు పెట్టారట కానీ ఇంట్లో జములమ్మ అంటారు. గద్వాల జములమ్మ తల్లి పేరు. తిమ్మమ్మ పిల్ల ముక్కును, చెవులను, కాలి వేళ్లను ఒక్కొక్కటీ పరిశీలనగా చూసింది. ఏది ఎవరిదో తేల్చుకుంటున్నట్టు.

దేవరాజు డ్యూటీ దిగి ఖాకీ బట్టల్లో వచ్చి, అత్తను చూసి వాకిట్లోనే బిగుసుకుపోయాడు.

"మంచిగున్నరా అత్తమ్మా," అన్నాడు నేల చూస్తూ.

"ఉన్న. కాళ్లు కడుక్కో, అన్నానికి కూసుందువు," అంది తిమ్మమ్మ, ఆ ఇల్లు తనదే అయినట్టు.

తింటూ సినిమా ముచ్చట సాగింది. సుగుణ ఆ సినిమా ఎప్పుడో చూసిందట. తిమ్మమ్మ కళ్లతో కట్టుకున్న కథలో సగం తప్పని తేలింది. పిల్ల మేనమామ అనుకున్న మీసాలాయన ఆ పిల్లకు కుదిర్చిన పెళ్లికొడుకట.

"అందుకేనా అద్దంల అన్నిసార్లు మొకం చూసుకుంటుండె!" అంది తిమ్మమ్మ. దేవరాజుకు అన్నం పొరబోయింది. సుగుణ నవ్వుతూ అతని నెత్తి మీద తట్టింది. తిమ్మమ్మ అది కూడా చూసింది.

మరునాడు గద్వాలకు వచ్చి, చీర మార్చుకోకముందే ఈశ్వరయ్య దగ్గరికి పోయింది. పట్టు వచ్చినట్టుంది, మగ్గం ఆడుతోంది.

"నేను నాగర్‌కర్నూల్ పోయొచ్చిన. సుగుణ కాడికి," అంది.

మగ్గం ఆగింది. ఈశ్వరయ్య తల ఎత్తలేదు. చాలాసేపటి తరువాత మళ్లీ ఆడింది. ఆ వారమంతా ఆమె పెట్టింది తిన్నాడు కానీ మాట్లాడలేదు. తిమ్మమ్మ కూడా తగ్గలేదు. ఆ పేరును ఇంట్లో రోజూ పలికింది. సుగుణ బిడ్డకు నీ చెవులే వచ్చినయి అంది. సుగుణ బళ్లె మంచి పేరు తెచ్చుకున్నది అంది. నెలకొకసారి ఎస్తేరమ్మతో కలిసి బస్సెక్కింది. వీధిలో కొందరు పలకరింపు మానేశారు. అలివేలమ్మ మాత్రం దహలీజ్ అంటే గడప అని తనకు ముందే తెలుసనీ, తిమ్మమ్మే సరిగ్గా వినలేదనీ అందరికీ చెప్పుకుంది.

దసరాకు ఆ సినిమా మళ్లీ గద్వాలకు వచ్చింది. ఈశ్వరయ్య మగ్గం దిగి, అంగీ వేసుకొని, ఎక్కడికో చెప్పకుండా మధ్యాహ్నం బయటికి పోయాడు. పొద్దు గూకేముందు వచ్చాడు. తిమ్మమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. వచ్చి ఎదురుగా పీట మీద కూర్చున్నాడు.

"ఆ తల్లి మాట్లాడేటప్పుడు తండ్రి యాడున్నడో చూసినవా?" అన్నాడు.

తిమ్మమ్మ చేట కింద పెట్టింది. "లేదు. ఆయన మేడ మీద పండుకోలేదా?"

"ఎనక గదిల పరదా చాటున నిలవడి ఉంటడు. పరదా కింద కాళ్లు కనవడ్తయి. చూడలేదా నువ్వు?"

"నేను ఆమె దిక్కే చూస్తుంటి."

ఈశ్వరయ్య అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. ఆయన ఇంతసేపు మాట్లాడడమే కొత్త. తిమ్మమ్మ మెల్లగా అడిగింది.

"ఆ దినం బిడ్డ పోతున్న అన్నది నువ్వు ఇన్నవా?"

"ఇన్న. మగ్గం మీద చేతులు ఆడలె. నువ్వేమన్న అంటవేమో, దాని మీద నేనొకటి అందామని చూస్తుంటి. నువ్వేమనలె."

"నేనంటే నువ్వేమనేటోనివి?"

ఈశ్వరయ్య నిజంగానే ఆలోచించాడు. "తెల్వదు. తిట్టేటోన్నేమో. గాని బయటికైతే వస్తుంటి."

తిమ్మమ్మ లేచి లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఆయన తాగి, చెంబు కింద పెట్టి, "నాగర్‌కర్నూల్‌కు పొద్దున బస్సు ఎన్నింటికి?" అన్నాడు.

మగ్గం మీదున్న చీర దిగాక, ఇద్దరూ పోయారు. ఆ తరువాత ఈశ్వరయ్యను కులంవాళ్లు కొన్నాళ్లు పెళ్లిళ్లకు పిలవలేదు. ఆయన పట్టించుకున్నట్టు కనిపించలేదు. ఎప్పుడో ఒకరు పిలిచారు, తరువాత ఇంకొకరు.

ఆ మొదటి రోజు సుగుణ ఇంట్లో కూతురు కాళ్లకు మొక్కితే ఈశ్వరయ్య ఆమె తల మీద చేయి పెట్టి, ఎంతసేపు ఉంచాలో తెలియనట్టు అలాగే ఉంచాడు. తరువాత సుగుణ, తిమ్మమ్మ వంటింట్లోకి పోయారు. బయట మామా అల్లుడూ మిగిలారు. తిమ్మమ్మ ఉల్లిగడ్డ కోస్తూ చెవి అటే పెట్టింది. సుగుణ కూడా పొయ్యి ఊదడం ఆపింది.

"బస్సుల దినమంత నిలవడే ఉంటవా?" అన్నాడు ఈశ్వరయ్య.

"అవును మామా. సీటుంటది గని కూసుంటే టికెట్లు గావు."

"నిలవడి, అది ఊగుతుంటే, పడకుంట ఎట్లుంటవు?"

"అలవాటైతది మామా. కాళ్లు జర ఎడం పెట్టాలె."

"నేను కూసొనే బతికిన," అన్నాడు ఈశ్వరయ్య. "లెవ్వు, ఎట్ల నిలవడ్తవో చూపియ్యి."

దేవరాజు లేచిన చప్పుడైంది. తల్లీకూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకొని, తలుపు సందులోంచి తొంగిచూశారు.